ఒంటి అడుగు బిళ్ళ

ఒక పెద్ద అడవిలో, చిన్న అడవుల్లో ఎవరికీ తోచని వేడుక ఒకటి ఏటా జరిగేది. తొలకరి పడ్డాక పరుగు పందెం. గుట్ట మీద బంకమట్టి నేలలో మొదలై, ఏటవాలు దిగి, కింద మైదానంలో ముగిసేది.

పందెం అయ్యాక, ఆ మట్టి మీద పడ్డ అడుగులను గుండ్రంగా కోసి ఎండబెట్టేవాళ్ళు. వాటిని అడుగుబిళ్ళలు అనేవాళ్ళు. దుప్పి గిట్ట కావాలంటే దుప్పి గిట్ట, కుందేలు పాదం కావాలంటే కుందేలు పాదం.

పూర్వం ఒక ముసలి ముంగిస వాటిని బండ మీద పరిచి కూర్చునేది. కావలసినవాళ్ళు వచ్చి, అటూ ఇటూ తిప్పి చూసుకుని, గుప్పెడు ఇప్పపూలు ఇచ్చి, నచ్చినది పట్టుకుపోయేవాళ్ళు. పిల్లలు తమ దగ్గర రెండున్నది ఇచ్చి లేనిది పుచ్చుకునేవాళ్ళు. ఆ పనిలో ఎవరూ బాగుపడలేదు, ఎవరూ చెడిపోలేదు. అందుకే దాన్ని వ్యాపారమని ఎవరూ అనలేదు.

ఆ అడవిలోనే పెంచలయ్య అనే అలుగు ఉండేవాడు. ఒంటినిండా పెంకుల్లాంటి పొలుసులు, లోపలంతా భయం. ఆకు రాలినా ఉండ చుట్టుకునేవాడు. రాలింది ఆకేనని తెలిశాక కూడా, ఎందుకైనా మంచిదని, కాసేపు అలాగే ఉండేవాడు. చీమలపుట్ట తవ్వబోయే ముందు, అది ఎవరిదైనా ఏమోనని చుట్టుపక్కల అడిగి వచ్చేవాడు. అడిగి వచ్చేలోగా దాన్ని ఎవరో ఒకరు తినేసేవాళ్ళు.

అతనికి ఒక్కతే కూతురు, పేరు బంతి. వాళ్ళమ్మ ఏటి అవతల పుట్టలు తవ్వే పనికి పోయింది. ఆకులు రాలే కాలానికి గానీ తిరిగి రాదు. పిల్లను కనిపెట్టుకుని ఉండమని వెళ్తూ వెళ్తూ చెప్పింది. చెప్పకపోయినా పెంచలయ్యకు వేరే పని లేదు.

ఈ ఏడు బంతి పందేనికి పేరిచ్చింది. పెంచలయ్య ముందురోజే వెళ్ళి దారి పొడుగునా గులకరాళ్ళు ఏరాడు. వాటిని ఎక్కడ పారేసినా ఇంకొకరి కాలికి గుచ్చుకుంటాయనిపించి, అన్నీ ఇంటికే మోసుకొచ్చాడు.

పందెం నాడు కోతులు డప్పు కొట్టాయి. జనం ఒక్కపెట్టున అరిచారు. ఆ అరుపుకి పెంచలయ్య ఉండ చుట్టుకున్నాడు. మళ్ళీ విప్పుకుని చూసేసరికి పందెం అయిపోయింది.

"ఏమైంది?" అని పక్కనున్న కుందేలుని అడిగాడు.

"మీ అమ్మాయి ఒక్కటంటే ఒక్క అడుగేసింది బాబాయ్. వేసి, నీలాగే ఉండ చుట్టుకుంది. మిగతాదంతా ఏటవాలే చూసుకుంది."

"ఎన్నోది వచ్చింది?"

"దొర్లడం పరుగు కిందికి వస్తుందా రాదా అని తేల్చడానికి పెద్దలు కూర్చున్నారు. ఇంకా లేవలేదు."

పెంచలయ్యకు ఆ సంగతి పట్టలేదు. కన్నకూతురు నలుగురిలో వేసిన తొలి అడుగు. దాన్ని తను చూడలేదు. రేపు వాళ్ళమ్మ తిరిగొచ్చి "ఎలా వేసింది?" అని అడిగితే చెప్పడానికి నోట మాట లేదు. కల్పించి చెప్పడం అతనికి చేతకాదు. ఆ అడుగుబిళ్ళ ఒక్కటి దొరికితే చాలు. ఆవిడకు చూపించవచ్చు. అంతకంటే ముందు తను చూసుకోవచ్చు.

ఇప్పపూలు మూటగట్టుకుని ముంగిస బండ దగ్గరికి వెళ్ళాడు. బండ ఉంది, ముంగిస లేదు. పైన పందిరి వేసి ఉంది. పందిరి కింద నక్క జంబుకేశ్వరం దర్జాగా కూర్చుని ఉన్నాడు. అతని వెనక మోదుగాకు పొట్లాలు గుట్టగా పోసి ఉన్నాయి.

"ముంగిస అవ్వ ఏదండీ?"

"విశ్రాంతి ఇచ్చాం. ఆవిడ అడగలేదనుకోండి. మేమే ఇచ్చాం. మీకేం కావాలి?"

"మా అమ్మాయి అడుగుబిళ్ళ. అలుగుది."

"విడి బిళ్ళలు అమ్మడం లేదండి. పొట్లాలే."

"వీటిలో మా అమ్మాయిది ఎందులో ఉంది?"

"అది తెలిస్తే మీరు ఒకటే కొంటారు. తెలియకపోతే కొంటూనే ఉంటారు. మీ మేలు కోసమే చెప్పడం లేదు."

"కట్టినవాళ్ళు మీరే కదా, మీకు తెలుసేమో..."

"కళ్ళు మూసుకుని కట్టాం," అన్నాడు నక్క. "నిజాయితీగా ఉండాలని."

పెంచలయ్య పొట్లం కొన్నాడు. విప్పితే అడవిపంది గిట్ట. ఇంకొకటి కొన్నాడు, అదీ పందే. తెచ్చిన ఇప్పపూలన్నీ అయిపోయేదాకా కొన్నాడు. అన్నీ పందులే. ఆ ఏడు పంది దారి తప్పి మట్టిలోనే చాలాసేపు చక్కర్లు కొట్టిందని తర్వాత తెలిసింది.

ఇంటికి బయల్దేరి, సగం దారిలో ఆగిపోయాడు. మనసు పీకింది. వెనక్కి వచ్చాడు.

"అయ్యా, ఒక సంగతి చెప్పకుండా పోతే తప్పవుతుంది. మిగతావాళ్ళ బిళ్ళల్లాగే మా అమ్మాయివి కూడా బోలెడు ఉంటాయని మీరు అనుకుంటున్నారేమో. అది ఒక్క అడుగే వేసింది. ఒక్కటే బిళ్ళ. తెలియక మీరు ఎవరికైనా మాటిచ్చి, తర్వాత ఇబ్బంది పడతారని చెప్తున్నాను."

నక్క చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"ఒక్కటేనా?"

"ఒక్కటే."

"అడవి మొత్తంలో?"

"ఏ అడవిలోనైనా అంతేనండి. దానికి ఉన్నది ఆ అడుగొక్కటే."

నక్క లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. "పెంచలయ్య గారూ, మీలాంటి మంచివాళ్ళు ఉండబట్టే మాలాంటివాళ్ళం బతుకుతున్నాం. ఇదిగో, ఈ పొట్లం ఊరికే తీసుకోండి."

అందులోనూ పందే ఉంది.

మర్నాడు తెల్లారేసరికి కాకి కొమ్మ కొమ్మనా కూస్తోంది. "ఒంటి అడుగు బిళ్ళ. లోకంలో ఒక్కటే. ఏదో ఒక పొట్లంలో ఉంది. మీ పొట్లమే కావచ్చు. కాకపోతే పక్కింటివాళ్ళది కావచ్చు. అప్పుడు మీ ముఖం ఎక్కడ పెట్టుకుంటారు?"

బంతి ఎవరో, ఏం చేసిందో అప్పటిదాకా ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు కూడా పట్టలేదు. కానీ బిళ్ళ కావాలి. కొట్టు ముందు వరస గుట్ట దాకా పాకింది.

తలకొక పొట్లమే అని నక్క కట్టడి పెట్టాడు. అందరికంటే ముందు ఎలుగుబంటి భద్రయ్య కూర్చున్నాడు. పొట్లం తీసుకుని, పొద చాటుకి వెళ్ళి, మళ్ళీ వచ్చాడు.

"నువ్వు ఇందాకే తీసుకున్నావుగా?" అన్నాడు నక్క.

"ఇందాక వచ్చింది మా తమ్ముడు."

"అతనికీ నీలాగే ఎడమ చెవి తెగి ఉందేం?"

"కవలలం. తెగింది కూడా ఒకే రోజు."

నక్క ఆలోచించి, భద్రయ్యకున్న తమ్ముళ్ళందరి పేరునా పొట్లాలు ఇచ్చేశాడు. కొట్టు ఖాళీ అయింది. భద్రయ్య అక్కడే దుంగ మీద చతికిలబడి, అవే పొట్లాలను రెట్టింపుకి అమ్మడం మొదలుపెట్టాడు.

పెంచలయ్య అతని దగ్గరికి వెళ్ళాడు. "అన్నా, నీకూ అడుగుబిళ్ళలంటే ఇంత ఇష్టమని తెలియదు."

"అడుగుబిళ్ళలా?" అని భద్రయ్య పొట్లాన్ని చెవి దగ్గర ఊపి చూసుకున్నాడు. "లోపల ఉండేది అవా?"

కొనలేనివాళ్ళ కోసం కోతి ఒక పందిరి వేసింది. నలుగురి దగ్గరా పోగుచేసి పొట్లాలు కొని, అందరి ముందూ గంతులేస్తూ విప్పుతుంది. ముందే వంతు కొనుక్కోవాలి. గిట్టలవాళ్ళ వంతు, పంజాలవాళ్ళ వంతు, పొలుసులవాళ్ళ వంతు. విప్పిన పొట్లంలో ఎవరి అడుగు వస్తే, అది ఆ వంతు కొన్నవాళ్ళకు దక్కుతుంది. పెంచలయ్య పొలుసులవాళ్ళ వంతు కొన్నాడు. పొద్దుగూకేదాకా ఎదురుచూస్తే, ఉడుము తోక ఈడ్చిన గీత ఒకటి వచ్చింది.

"ఇది అడుగు కాదు కదా," అన్నాడు పెంచలయ్య.

"అందుకేగా అరుదు," అంది కోతి. "అడుగులు ఎవరైనా వేస్తారు."

అంతలో కొంగ బకానందం రంగంలోకి దిగాడు. నిజానికి దిగలేదు. మడుగు ఒడ్డున ఒంటికాలి మీద నిలబడ్డాడు. ఆయన ఎక్కడ నిలబడితే అక్కడ ఏదో పవిత్రమైన పని జరుగుతోందని అందరికీ అనిపించేది. చేపలకు తప్ప.

"బిళ్ళ మడిగా ఉండాలి నాయనా," అన్నాడు ఆయన కళ్ళు మూసుకుని. "చెయ్యి తగిలిందా, మైల. ఊపిరి తగిలిందా, అరమడి. ఏదీ తగలనిదే పూర్తిమడి. నా దగ్గరికి తెండి. చూసి, లక్క పూసి, ముద్ర వేసి ఇస్తాను. బిళ్ళకొక చేప."

"లక్క పూస్తే లోపల అడుగు కనపడదు కదా స్వామీ?" అని పెంచలయ్య అడిగాడు.

"చూపు తగలడం కూడా తగలడమే."

అది విన్నవాళ్ళు ఇంత సూక్ష్మం మనకెందుకు తట్టలేదని తల పంకించారు. తర్వాత ఒకరి తర్వాత ఒకరికి ఇంకో సూక్ష్మం తట్టింది. విప్పిన పొట్లంలో బిళ్ళకే ఇంత మడి ఉంటే, అసలు విప్పని పొట్లానికి ఎంత ఉండాలి?

ఆ రోజు నుంచి ఎవరూ పొట్లం విప్పలేదు. విప్పితే పంది. విప్పకపోతే ఒంటి అడుగు. బుద్ధి ఉన్నవాడు ఏం చేస్తాడు? పొట్లాలు చేతులు మారాయి, గుహలు నిండాయి. కోతి పందిరి మాత్రం మూతపడలేదు. పొట్లాన్ని ముందు పెట్టుకుని, విప్పాలని ఉన్నా విప్పకుండా కోతి కూర్చుంటే, చూడటానికి జనం ఇంకా ఎక్కువ వచ్చారు.

పెంచలయ్య గుహ గుహకీ తిరిగాడు. "బాబూ, ఒక్కసారి విప్పి చూడండి. మా అమ్మాయిది ఉంటే ఇవ్వక్కర్లేదు, చూసి వెళ్ళిపోతాను."

"చూపు తగలదూ?" అని తలుపు వేసుకునేవాళ్ళు.

బంతికి ఇదంతా చూసి విసుగు పుట్టింది. "దానికోసం ఇంత తిరుగుతావేం నాన్నా? అడుగే కదా. కావాలంటే ఇప్పుడు వేసి చూపిస్తాను."

"అది తొలి అడుగు తల్లీ. నేను అప్పుడు... సరిగ్గా చూడలేదు."

ఉండ చుట్టుకుని ఉన్నానని చెప్పడానికి అతనికి సిగ్గేసింది.

ఇక దారి లేక పెంచలయ్య అడవిపెద్దల సభకు మొర పెట్టుకున్నాడు. సభకు పెద్ద ఐరావతమ్మ అనే ఏనుగు. ఆవిడ జ్ఞాపకశక్తి గొప్పది. ముత్తవ్వల నాటి కట్టుబాట్లు కూడా అక్షరం పొల్లుపోకుండా చెప్పేది. నిన్న ఏం జరిగిందో మాత్రం పక్కవాళ్ళను అడిగేది.

పెంచలయ్య బంతిని వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఆ పిల్ల సభలో ఒక మూల చీమలు ఏరుకు తింటూ కూర్చుంది.

"పొట్లాలు విప్పించండమ్మా," అన్నాడు పెంచలయ్య. "నా కూతురు అడుగు నేను చూసుకుంటాను."

"విప్పితే మైల," అన్నాడు కొంగ.

"విప్పితే జనం ఆస్తి మంటగలుస్తుంది," అన్నాడు నక్క.

"విప్పితే మా తమ్ముళ్ళు ఊరుకోరు," అన్నాడు ఎలుగుబంటి.

ఐరావతమ్మ చెవులు విసిరింది. "పూర్వం ఇలాంటి గొడవ ఎప్పుడైనా వచ్చిందా?"

"రాలేదమ్మా."

"మరి ఇప్పుడెలా వచ్చింది? సరే. అడుగు వేసిన పిల్లకు నువ్వు తండ్రివని రుజువేమిటి?"

"పిల్ల ఇక్కడే ఉందమ్మా."

"అడుగు వేసింది ఈ పిల్లేనని రుజువేమిటి?"

నక్క గబుక్కున ముందుకొచ్చాడు. "నా దగ్గర కొలతలున్నాయమ్మా. ప్రతి అడుగునీ కట్టేముందు గడ్డిపరకతో కొలిచి ఉంచాం."

"కళ్ళు మూసుకుని కట్టామన్నారు కదండీ?" అన్నాడు పెంచలయ్య.

"కళ్ళు మూసుకునే కొలిచాం."

కొంగ గడ్డిపరకను ముక్కుతో పట్టుకుని బంతి పాదం దగ్గర పెట్టాడు. పాదం పరకను దాటి ఒక గోరంత ముందుకు వచ్చింది. ఇంకోసారి పెట్టాడు. పిల్ల పాదం అంతే ఉంది.

"సరిపోలేదు," అన్నాడు కొంగ.

"తొలకరి పోయి చలిగాలి వచ్చింది కదా స్వామీ, పెరిగింది," అన్నాడు పెంచలయ్య. "పిల్లలు పెరుగుతారు."

"పెరగడం నిబంధనల్లో లేదు నాయనా. బిళ్ళ నేను చూసి ముద్ర వేసింది. అది అసలుది. దానికి సరిపోనిది ఏదైనా నకిలీ." కళ్ళు తెరిచి, మూసి, తేల్చేశాడు. "బిళ్ళ అసలు. పిల్ల నకిలీ."

సభ అంతా బంతివైపు జాలిగా చూసింది.

"నాన్నా, నేను నకిలీనా?"

"కాదమ్మా."

"మరి ఆయన?"

"ఆయన ముద్ర వేసేవాడు తల్లీ."

దుప్పి చుక్కయ్య పకపక నవ్వాడు. ఏటా పందెం గెలిచేది అతనే. "ఏం చోద్యమండీ ఇది. పాదాలన్నాక పెరుగుతాయి, అరుగుతాయి. కావాలంటే నాది కొలవండి. నేను నకిలీనని అనే ధైర్యం ఎవరికుంది?"

కొలిచారు. రాళ్ళ మీద పరుగెత్తి చుక్కయ్య గిట్ట కాస్త అరిగింది.

"నకిలీ," అన్నాడు కొంగ.

చుక్కయ్య నవ్వు ఆపేశాడు. "అలాగైతే నన్నొక్కణ్ణే అంటే ఊరుకోను. అందరినీ కొలవండి."

న్యాయం అందరికీ ఒకటే అని ఐరావతమ్మ కూడా ఒప్పుకుంది. కుందేలు నకిలీ. ఉడుము నకిలీ. ముళ్ళపంది నకిలీ. పంది ఒక్కటే కొలతకు సరిగ్గా సరిపోయింది, కానీ కాలికి బురద ఉందని మైల కింద తోసేశారు. సాయంత్రానికి అడవిలో అసలైన పరుగుగాడు ఒక్కడూ మిగల్లేదు.

నక్క సంతోషం పట్టలేక ఐరావతమ్మ ముందు సాగిలపడ్డాడు. "అమ్మా, ఇక నిజం ఒప్పుకోవాలి. వీళ్ళంతా నకిలీలైతే, అసలువాళ్ళు తప్పిపోయారన్నమాటే. ఆ మాట సభ ముఖంగా చాటించండి. అసలు పరుగుగాళ్ళు తప్పిపోయారు, ఇక వాళ్ళ అడుగులు పడవు, ఉన్నవి జంబుకేశ్వరం పొట్లాల్లోనివే అని."

"తప్పిపోయారని నువ్వే అంటున్నావా?" అంది ఐరావతమ్మ.

"ప్రమాణం చేసి అంటున్నాను."

"నువ్వేమంటావు బకానందం?"

"ముద్ర వేసి మరీ చెప్తాను."

కాకి ఎగిరిపోయి కొమ్మ కొమ్మనా కూసింది. రేటు ఎంత పెరిగిందంటే, భద్రయ్య తన దగ్గరున్న పొట్లాలను తనే మళ్ళీ కొనుక్కుందామా అని ఆలోచించాడు.

అప్పుడు ఐరావతమ్మ తొండం ఎత్తింది. "తప్పిపోయినవాళ్ళ గురించి మాత్రం పూర్వం నుంచీ మనకొక కట్టుబాటు ఉంది. మా ముత్తవ్వ చెప్పేది. అడవిలో ఎవరైనా తప్పిపోతే, వాళ్ళ వస్తువు ఎవరి దగ్గరున్నా కన్నవాళ్ళకు చేర్చాలి. గూడైనా, ఈకైనా. అడుగైనా అంతే. పొట్లాలన్నీ తెచ్చి విప్పండి."

నక్క నోరు తెరిచాడు.

"తప్పిపోయారని నేనన్నది ఆ అర్థంలో కాదమ్మా..."

"ప్రమాణం చేసి అన్నావు కదా."

ఏనుగులు గుహల్లోకి తొండాలు పెట్టి పొట్లాలు లాగాయి. దుప్పి తల్లులు, కుందేలు తండ్రులు వరస కట్టారు. నకిలీ కొడుకులు, నకిలీ కూతుళ్ళు వాళ్ళ పక్కనే నిలబడి, తప్పిపోయిన తమ వస్తువులు తీసుకోవడానికి సాయం చేశారు. పొట్లాలు విప్పుతుంటే భద్రయ్య ఒక్కో దానికీ ఒక్కో తమ్ముడు పోయినట్టు శోకాలు పెట్టాడు.

చాలా పొట్లాల్లో పంది ఉంది. కొన్నింటిలో అడుగే లేని ఒట్టి మట్టిబెడ్డ ఉంది.

"ఇదేమిటి?" అంది ఐరావతమ్మ.

"కళ్ళు మూసుకుని కట్టాం కదమ్మా," అన్నాడు నక్క.

అన్నీ విప్పేశారు. ఒంటి అడుగు ఎందులోనూ లేదు. పెంచలయ్య ఆ మోదుగాకుల కుప్పలో కూలబడ్డాడు. ఐరావతమ్మ నక్కవైపు చూసింది. నక్క కొంగవైపు చూశాడు. కొంగ కాలు మార్చుకున్నాడు. ఆయన కాలు మార్చుకోవడం అడవి అంతవరకూ చూడలేదు. అంతవరకూ ముడిచి ఉంచిన రెండో కాలి కింద లక్క ఉండ ఒకటి ఉంది.

"మడిగా ఉంటుందని నేనే కాపాడుతున్నాను," అన్నాడు కొంగ.

ఐరావతమ్మ దాన్ని తొండంతో తీసి పట్టుకుంది. "పెంచలయ్యా, కట్టుబాటు ప్రకారం ఇది నీది. నీ కూతురు తప్పిపోయిందని సభ ముందు ఒక్క మాట చెప్పి తీసుకో."

పెంచలయ్య చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. పక్కన బంతి ఉంది. మూతికి చీమలు అంటుకుని ఉన్నాయి.

"ఏమిటి ఆలోచన?" అని భద్రయ్య మూలుగుతూ అడిగాడు. "ఒక్క మాట అంటే అయిపోతుందిగా. నాకు లేని తమ్ముళ్ళు ఎంతమంది ఉన్నారో చూశావుగా. నీకు ఉన్న కూతురు లేదంటే ఏం పోయింది?"

"నేను చెట్టు చాటుకి వెళ్ళనా నాన్నా?" అంది బంతి గుసగుసగా. "అప్పుడు తప్పిపోయినట్టే."

"వద్దు. ఇక్కడే ఉండు."

పెంచలయ్యకు ఒళ్ళంతా ముడుచుకుపోవాలనిపించింది. పొలుసులు లేచాయి. బిళ్ళ ఎదురుగా ఉంది. అబద్ధం ఆడితే దొరుకుతుంది. ఆడకపోతే నక్క మళ్ళీ పట్టుకుపోతాడు. పిల్ల పాదాన్ని చూశాడు. గడ్డిపరకను చూశాడు. గోరంత తేడా. ఎప్పుడు పెరిగింది? తను గుహల చుట్టూ తిరుగుతున్నప్పుడు పెరిగి ఉంటుంది. అదీ చూడలేదు.

ఉండ చుట్టుకోకుండా, నిలబడే చెప్పాడు.

"అమ్మా, ఈ అడుగు వేసిన పిల్ల ఇప్పుడు లేదు."

ఐరావతమ్మ కళ్ళు తుడుచుకుంది. చుక్కయ్య ముఖం తిప్పుకున్నాడు. నక్క కూడా తోకతో ముక్కు తుడుచుకున్నాడు. పెంచలయ్య ఒక్కడికే తను అబద్ధం చెప్పలేదని తెలుసు. దానికే ఏడుపొచ్చింది.

లక్క ఉండ చేతిలోకి వచ్చింది. ఐరావతమ్మ వెంటనే తప్పిపోయిన పిల్లను వెతకడానికి ఓపిక ఉన్నవాళ్ళందరినీ నాలుగు దిక్కులకీ పంపించింది. బంతి కూడా కాసేపు వాళ్ళతో తిరిగి శ్రద్ధగా వెతికింది. ఆకలేసి తిరిగొచ్చింది.

వాగు ఒడ్డున పెంచలయ్య లక్కను గోళ్ళతో పగలగొట్టాడు. దూరం నుంచి కొంగ "మైల, మైల" అంటూనే ఉన్నాడు.

లోపల ఎర్రమట్టి బిళ్ళ. చిన్న పాదం. పక్కనే పరుగు ఎటు సాగాలో చూపే గీత, పందెం మొదలుపెట్టేటప్పుడు గీసేది. పాదం గీత చూపే వైపు తిరిగి లేదు. అడ్డంగా తిరిగి ఉంది. పందెం చూడటానికి వచ్చిన జనం నిలబడ్డ వైపు.

పెంచలయ్య చాలాసేపు చూశాడు. "ఇటెందుకు వేశావు తల్లీ? దారి అటు కదా."

"నువ్వు ఎక్కడున్నావో అని చూశాను," అంది బంతి. "ఉండ చుట్టుకుని ఉన్నావు. పందెమంటే అలాగే కాబోలు అనుకున్నాను."

పెంచలయ్య బిళ్ళను వాళ్ళమ్మ కోసం మోదుగాకులో చుట్టబోయి, ఆకు పక్కన పడేశాడు. పిల్లను వీపున ఎక్కించుకుని, బిళ్ళను అందరికీ కనపడేలా చేత్తో పట్టుకుని ఇంటిదారి పట్టాడు. దారిలో ఎక్కడో కొమ్మ విరిగిన చప్పుడైంది. ఆగాడు గానీ ముడుచుకోలేదు.

తర్వాతి తొలకరికి అసలు పరుగుగాళ్ళెవరూ దొరకనందున, నకిలీల పందెం జరపడానికి సభ అనుమతి ఇచ్చింది. చుక్కయ్యే గెలిచాడు. బంతి అడుగు తర్వాత అడుగు వేసుకుంటూ చివరిదాకా పరుగెత్తి ఆఖరున వచ్చింది. బంకమట్టి నిండా దాని అడుగులే కాబట్టి ఆ ఏడు దాని బిళ్ళను ఎవరూ అడగలేదు. జంబుకేశ్వరం మళ్ళీ పందిరి వేశాడు. బకానందం కొత్త ముద్ర చేయించాడు. దాని మీద 'అసలు సిసలైన నకిలీ' అని ఉంది. కొట్టు తెరవకముందే భద్రయ్య, తమ్ముళ్ళతో సహా, వరసలో ముందు కూర్చున్నాడు.

నీతి ఏమిటంటే, అసలువాళ్ళమని ముద్ర వేయించుకోవాలనుకునే పిల్లలు ఎట్టి పరిస్థితుల్లోనూ పెరగకూడదు.